పాత పడవ బేరం

మహబూబాబాద్‌లో పింఛను తీసుకుంటూ కూర్చున్న గుమాస్తాకు సముద్రపు పడవలతో ఏం పని అని మీరడగవచ్చు. ఆ పని మా అక్కయ్య కల్పించింది. ఆవిడ కొడుకు భూపాలపల్లి జిల్లాలో, మహదేవపూర్ దగ్గర గోదావరిలో చేపలు పడతాడు. థర్మోకోల్ తెప్ప మీద కూర్చుని వల వేసేవాడు. క్రిందటి వానల్లో అది కాస్తా తిరగబడింది. ఈత వచ్చినవాడు గనుక ఒడ్డు చేరాడు. అప్పటినుంచి అక్కయ్యకు కంటిమీద కునుకు లేదు. పుస్తెలతాడు తాకట్టుపెట్టి, ఆ డబ్బు నా చేతికిచ్చి, "తమ్మీ, నువ్వు కాయితాలు చదివెటోనివి. వానితోని పోయి మంచి పడవ ఇప్పియ్యి" అంది.

కొత్త ఫైబర్ పడవ మా తాహతుకు మించినది. పాతది కావాలంటే కోస్తాకు పోవలసిందే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవల వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఇసుకమీదికి చేరతాయి. నీళ్ళలో ఉన్నప్పుడు అడుగుభాగం ఎవరికి కనబడుతుంది? అంచేత మే నెలలో రైలెక్కి చీరాలలో దిగి, వాడరేవు చేరాం.

నీలం రంగు, ఎర్ర అంచు, పెళ్ళికొడుకులా నిగనిగలాడే పడవ ఒకటి మావాడి కంటబడింది. "మామా, గిదే తీస్కుందాం!" అన్నాడు. పెళ్ళిచూపుల్లో పౌడరు చూసి మురిసిపోయే బాపతు!

పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వి, లేచి వచ్చాడు. రూపాయి బిళ్ళతో పడవను తట్టుకుంటూ చుట్టూ తిరిగాడు. టంగు టంగుమని మోగింది. వెనకపక్క ఇంజను తగిలించే పలక దగ్గరికి వచ్చేసరికి మోత చచ్చి, తడిసిన చెక్క మీద కొట్టినట్టు వినబడింది.

"లోపలి చెక్క నీళ్ళు తాగిందయ్యా. పైన ఫైబరు బాగానే ఉంటది, లోన మెత్తబడిపోద్ది. ఇంజను ఊపుకి పలక ఒకరోజు ఊడొస్తది. రంగు ఎక్కడ కొత్తగా ఉందో అక్కడే ఎక్కువ తట్టి చూసుకోవాల."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మావాణ్ణి తికమక పెట్టింది. "మీ ఏట్లో నీళ్ళెంత?"

ఏం చెబుతాడు? 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక నీళ్ళు నిండుగా నిలిచాయి. 2023 అక్టోబరులో పియర్లు కుంగాక నిలవనీరు వదిలేశారు. ఎండాకాలం ఇసుకతిన్నెలు, వానాకాలం ప్రాణహిత వరద. అలలను చీల్చుకుపోవడానికి కట్టిన బరువైన పడవను ఆ ఇసుకలో ఎవరు ఈడుస్తారు? ఇద్దరు లాగగలిగింది చూసుకోమన్నాడు పెద్దాయన.

అటువంటిది ఒకటి దొరికింది. వెలిసిపోయింది, రెండుచోట్ల అతుకులున్నాయి. దాచిన అతుకు కంటే కనబడే అతుకు నయమనిపించింది నాకు. ఎటు తట్టినా గట్టిగా మోగింది. ఎందుకమ్ముతున్నావని అడిగితే, "మావాడు హైదరాబాదులో పనికి పోయాడండి, తోడొచ్చే మనిషి లేడు" అన్నాడు యజమాని.

ఇక నా వంతు వచ్చింది. పడవ మీది నెంబరూ రిజిస్ట్రేషను కాగితంలోదీ ఒకటే. పేరు అతనిదే. బాకీ తీరినట్టు బ్యాంకు కాగితం కూడా ఉంది. ఇంజను బిల్లు మాత్రం మరెవరి పేరనో ఉంది. ఇంజను వద్దన్నాను. మావాడు చీరాల స్టేషను దాకా నాతో మాట్లాడలేదు. మిగిలిన డబ్బుతో రెండు లైఫ్ జాకెట్లు కొన్నాను.

లారీ మా ఊరు మీదుగా వస్తుంటే, బోర్లించిన పడవను చూసి టీకొట్టు కుర్రాడు, "సార్, మన మానుకోటకు సముద్రం వస్తుందా?" అన్నాడు.

అక్కయ్య పడవకు పసుపు కుంకుమ పెట్టింది. ఆ తర్వాత జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసి, "వీడు గివి ఏసుకుంటడా?" అంది.

"వేసుకునేదాకా తెడ్లు ఇవ్వకు" అన్నాను.

ఇప్పుడు ఆ తెడ్లు ఆవిడ మంచం కింద ఉంటాయి.