దాళ్వా నాట్లు, బాతుల మందలు, ఓ మొండి కోడె

సంక్రాంతి వెళ్ళిపోయింది. గంగిరెద్దులవాళ్ళు సన్నాయిలు సర్దుకుని వేరే ఊళ్ళకి సాగిపోయారు. కనుమనాడు కొమ్ములకి పూసిన రంగు మా వీధి పశువులకి ఇంకా పూర్తిగా వదల్లేదు. ఏలూరు కాలవ కింద దాళ్వా ఊడ్పులు జోరుమీదున్నాయి, ఆటపాకలో గూడబాతుల గోల సరేసరి. అవి అడవి పక్షులు, వాటికి మన ఊసక్కర్లేదు. నేను చెప్పబోయేవి మన మాట వినే బాతుల సంగతులు.

సార్వా కోతకీ దాళ్వా నాటుకీ మధ్య దొరికే కాస్త వ్యవధిలో కొల్లేటి చుట్టుపక్కల చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటికి తిండి. వాటి రెట్ట రైతుకి ఎరువు. అంత మందనీ నడిపేది ఒక్కడే మనిషి, చేతిలో ఓ పొడుగాటి కర్ర. ఆ కర్రతో అతను దేన్నీ కొట్టగా నేను చూళ్ళేదు. మందకి కాస్త వెనగ్గా, ఓ పక్కకి నిలబడి కర్ర చాస్తాడు. మంద రెండో పక్కకి మళ్ళుతుంది. తొందరపడి నాలుగడుగులు లోపలికి వేశాడా, చెల్లాచెదురైపోతుంది. పొద్దు గూకేదాకా ఏరుకోవాల్సిందే!

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ పశువుల నడకని పరిశీలించి ఇలాంటి సంగతే పుస్తకాల్లో రాశారు. ప్రతి జంతువుకీ తన చుట్టూ కంటికి కనపడని గిరి ఒకటుంటుంది. దాని అంచున నిలబడితే మెల్లిగా కదులుతుంది, గిరి దాటి మీదకెళ్తే బెదురుతుంది. భుజానికి వెనగ్గా నిలబడితే ముందుకి నడుస్తుంది, భుజం దాటి ముందుకొస్తే వెనక్కి తగ్గుతుంది. మా బాతులాయన ఆ పుస్తకాలు చదవలేదు. ఆవిడ మా బాతుల్ని చూసి ఉండరు.

బాతుగుడ్లని కోడి కింద పొదగేసే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. పిల్లలు పుట్టీ పుట్టగానే కోడి వెనకే పడతాయి. కళ్ళు తెరవగానే కదిలేదేది కనిపిస్తే దాన్నే అమ్మ అనుకునే ఈ గుణాన్ని పరిశోధించిన కొన్రాడ్ లోరెంజ్‌కి 1973లో నోబెల్ వచ్చింది, మరిద్దరితో కలిపి. ఆయన వెనక పెద్దబాతు పిల్లలు బారులు తీరి నడిచేవట. అంతా బాగానే ఉంటుంది గానీ, పిల్లలు కుంటలోకి దిగిన రోజున గట్టుమీద ఆ కోడి పడే అవస్థ చూడలేం.

ఇక మా బాబాయిగారి కోడె. ట్రాక్టర్లొచ్చాక దుక్కికి ఎద్దుల్ని మరిపేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు గిత్తల్ని మేపేది ఎక్కువగా బండలాగుడు పందేల కోసమే. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ పళ్ళని బట్టే అక్కడ తరగతులు. పందేల్లో ములుగర్ర వాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. బాబాయిగారిది అందుకు పూర్తిగా వేరే పద్ధతి. ముందు ఒట్టి పలుపుతో రోడ్డుమీద షికారు, లారీ హారన్లు అలవాటు కావాలిగా. తర్వాత ముసలి ఎద్దు పక్కన ఉత్త కాడి. అది కుదిరాక చిన్న దుంగ కట్టి లాగించడం. దాపట నడిచే ఆ ముసలిదే అసలు మేష్టారు. అది ఆగితే కోడె ఆగుతుంది, అది మలిగితే మలుగుతుంది. మొన్న మాత్రం కోడె మొండికేసి నడిరోడ్డుమీద కూలబడింది. మేమంతా తలో సలహా ఇచ్చాం. బాబాయిగారు చుట్ట వెలిగించుకుని పక్కనే కూచున్నారు. "దాని బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది లేరా" అన్నారు. లేచింది కూడాను, వెనక వచ్చిన బస్సువాడి ఓపిక మాత్రం అయిపోయింది.

గేదెల దగ్గర ఈ నిదానం ఇంకా అవసరం. దూడని వదిలి, పొదుగు తడిపి నిమిరితే చేపుకొస్తుంది. కసిరినా, కొత్త మనిషి చెంబు పట్టుకొచ్చినా పాలు ఎగబిగిస్తుంది. బెదిరితే పాలు దించే హార్మోన్ పనిచేయదు. పిన్ని పుట్టింటికెళ్తే బాబాయిగారు ఆవిడ పాతచీర భుజాన వేసుకుని పాలకి కూచుంటారు. నవ్వకండి, పని జరుగుతోంది.

గుర్రాలా? మా స్టేషన్ ముందు జట్కాలు పోయి ఆటోలొచ్చేశాయి. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో గానీ ఏలూరులో గానీ గుర్రం కనిపించేది పెళ్ళి ఊరేగింపులోనే. దాని చెవి పక్కనే డీజే, కాళ్ళ దగ్గర టపాకాయలు. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, తోక వెనకా, ముక్కు ఎదటా తప్ప. అందుకే జట్కావాళ్ళు గంతలు కట్టేవాళ్ళు, వెనక నించి వచ్చేటప్పుడు మాట్లాడుతూ వచ్చేవాళ్ళు. పెళ్ళివారికి ఆ రెండో ముక్క ఎవరైనా చెబితే బావుణ్ణు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. ఈలోపు గాలికుంటు టీకాలు వేయించేసుకోండి. మా ఊరి గేదెలు డాక్టరుగారి బండి చప్పుడు బాగా గుర్తుపట్టేశాయి, వినపడితే చాలు పలుపులు తెంపుకుంటున్నాయి. ఆయన ఇప్పుడు బండి రామాలయం దగ్గరే ఆపేసి, సిరంజీ జేబులో దాచుకుని, ఏమీ ఎరగనట్టు నడిచొస్తున్నారు.