తెర మీద లేనిది

మా ఫిల్మ్ సొసైటీలో ‘రోమా వియోలెంటా’ వేసినప్పుడు పరిచయం నేనే చేశాను. 1975 నాటి ఇటాలియన్ పోలీసు సినిమా. దాని కాలం గురించి చాలానే చదువుకుని వెళ్లాను. 1969 డిసెంబరు 12న మిలాన్‌లో ఒక బ్యాంకులో బాంబు పేలి 17 మంది పోవడం, 1974లో బ్రెషాలో ఫాసిస్టు వ్యతిరేక సభలో మరో బాంబు, ఇవన్నీ చెప్పి, ఆ భయంలోంచి పుట్టిన రాజకీయ చిత్రం ఇదన్నాను.

సినిమా అయ్యాక ఒక పెద్దాయన దగ్గరకొచ్చి, “బాబూ, నువ్వు చెప్పిన బాంబులు ఇందులో ఎక్కడున్నాయి?” అన్నారు. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకంటే, లేవు. సిటీ బస్సులో దోపిడీ, ఒక కుర్రాడి చావు, దొంగల వెంటపడే కమిషనర్ బెట్టీ. ఉద్యోగం పోయాక అతను ఒక లాయరు నడిపే బృందంలో చేరి వీధుల్లో నేరస్థుల్ని చితకబాదుతాడు. పోలీసులు తుపాకీ వాడే వీలును పెంచుతూ ఇటలీలో చట్టం వచ్చింది సినిమా వచ్చిన ఏడాది మేలోనే. ఆ వేడి కథకు కాస్త తగిలింది, నిజమే. కానీ ఇలా కొట్టడం తప్పా ఒప్పా అన్న చోటికి రాగానే సినిమా తప్పించుకుని ఇంకో కాల్పుల సీనులోకి వెళ్లిపోతుంది.

దీని అసలు పుట్టుక వేరు. 1973లో ఎంజో కాస్టెల్లారి, ఫ్రాంకో నీరో హీరోగా తీసిన పోలీసు సినిమా బాగా ఆడింది. ఆ ఊపులోనే కాస్టెల్లారి తండ్రి మరీనో జిరోలామీ పేరు మార్చుకుని, నీరో పోలికలున్న మౌరీజియో మెర్లీతో దీన్ని తీశాడు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. చెబితే సినిమా చిన్నబోతుందని దాచాను. తెర మీద లేని బరువును పుస్తకాల్లోంచి తెచ్చి దాని నెత్తిన పెట్టాను. అలా చేసి, వచ్చినవాళ్లు తమ కళ్లతో చూసే వీలు పోగొట్టాను.

తర్వాత నోట్సు పక్కనపెట్టి మళ్లీ చూశాను. మాటలు తర్వాత డబ్బింగ్ చేసినవి కాబట్టి పెదవులకు సరిగా అతకవు. విలన్లు ఎవరూ గుర్తుండరు. కారు ఛేజ్ మాత్రం ఒళ్లు బిగపట్టి చూడాల్సిందే. డి ఆంజెలిస్ సోదరుల సంగీతమూ బాగుంది. లాయరు వేషం వేసింది ‘గాడ్‌ఫాదర్’లో బార్జినీగా కనిపించిన రిచర్డ్ కాంటే. సినిమా విడుదలకు ముందే ఆయన పోయారు. రాసినవాళ్లు ఆ పాత్రకు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. అలసిన ఆ ముఖం వల్లే ఆ మనిషి కోపాన్ని నమ్ముతాం.