వెదురుబద్దల స్టారు

క్రిస్మస్‌కు ఇల్లు సింగారించడంలో తెలుగు పల్లెల్లో మొదటి మాట స్టారుదే. చెట్టు పెట్టని ఇళ్ళు చాలా ఉంటాయి గాని స్టారు కట్టని ఇల్లు తక్కువ. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్కకు గుర్తుగా దాన్ని డాబా మీద గెడకో, వాకిట్లో కొబ్బరి చెట్టుకో వేలాడదీసి లోపల బల్బు పెడతారు. ఇప్పుడది ఎక్కువగా ఫ్యాన్సీ షాపు సరుకు. అయినా ఇంట్లో మిగిలిపోయిన, పారెయ్యబోయిన వస్తువులతో, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చేసే పద్ధతి పూర్తిగా పోలేదు. విజయవాడ నుంచి రైల్లో వస్తే దుగ్గిరాల తరవాత, తెనాలికి ముందు వచ్చే చిన్న స్టేషను కొలకలూరు. అక్కడ ఒక ఇంటి వసారాలో డిసెంబరు పూట చూసిన పని ఈ వ్యాసానికి ఆధారం.

గుంటూరు ప్రాంతానికి ఈ పండుగ కొత్త కాదు. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరింది 1842 జూలై 31న. ఆ మిషను పెంచిన సంఘాలు 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. పండుగ సముద్రం దాటి వచ్చింది గాని దాని సరంజామా మాత్రం వెంట రాలేదు. చలిదేశపు దేవదారు జాతి చెట్టు ఇక్కడ బతకదు. దాని బదులు బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు కొమ్మ తెచ్చి బకెట్లో ఇసుక పోసి నిలబెట్టారు. కురిసే మంచుకు బదులు దూది అంటించారు. బాలయేసు తొట్టిలో పరవడానికి గడ్డి కావాలంటే, డిసెంబరు నాటికి కృష్ణా డెల్టాలో వరి కోతలు పడి ఎటు చూసినా గడ్డే. కూలికి వెళ్ళి వచ్చిన ఇళ్ళలో అలంకరణ సామాను కొనే మాటే లేదు కాబట్టి ఉన్నదానితోనే చేసుకున్నారు. నగరాల్లో వర్క్‌షాపులు పెట్టి ఫీజు తీసుకుని పిల్లలకు నేర్పుతున్న పని ఇక్కడి పేటల్లో లేమి నేర్పినదే. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

వసారాలో పనిచేస్తున్న పెద్దాయన ఒకప్పుడు తాపీమేస్త్రి. మోకాళ్ళు సహకరించక పని మానేశారు గాని చేతులు మానలేదు. చుట్టూ మనవలు, పక్కింటి పిల్లలు. బద్దల కోసం వెదురు కొనలేదు. దొడ్లో కూలిపోయిన తడికలోంచి గట్టిగా ఉన్నవి ఊడదీసి, పుచ్చినవి పక్కన పడేశారు. ఒక్కో బద్దనూ అరచేతి మీద ఆనించి వంచి చూస్తారు. విరుగుతుందా, వంగుతుందా అన్నది ఆ ఒక్క నొక్కుతో తేలిపోతుంది. తరవాత కత్తిని దాదాపు పడుకోబెట్టి, ఈనె లేచిన చోటల్లా గీసి నున్నగా చేస్తారు. పిల్లల చేతుల్లో ముల్లు విరగకుండా చూసే ఈ పనికే ఎక్కువసేపు పట్టింది. కొన్న స్టారుకు ఇంత ఓపిక ఎవరూ ఖర్చుపెట్టరు.

ఐదు కోణాల స్టారుకు ఒక పక్కకు ఐదు బద్దలు, రెండు పక్కలకు పది కావాలి. అన్నీ ఒకే పొడవు ఉండాలి. చిక్కంతా బద్దలు ఒకదాన్నొకటి ఎక్కడ దాటాలన్నది. అది తప్పితే స్టారు ఒక పక్కకు ఒరిగి పీతలా తయారవుతుంది. పెద్దాయన దగ్గర టేపు లేదు. బద్ద పొడవుకు పురికొస తెంపి, దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచారు. ఎనిమిది పాళ్ళయింది. రెండు కొసల నుంచీ మూడేసి పాళ్ళ దగ్గర బద్ద మీద బొగ్గుతో గీత పెట్టారు. మధ్యలో రెండు పాళ్ళు మిగిలాయి. గీత మీద గీత పడేటట్టు బద్దలు పరిచి, కిందా మీదా అల్లి కడితే స్టారు దానంతటదే కుదురుకుంది.

ఈ మూడు, రెండు, మూడు లెక్క వెనక గణితం ఉంది. సరైన పంచకోణ నక్షత్రంలో ప్రతి రేఖనూ మిగతావి కోసే చోటు కొస నుంచి నూటికి 38.2 పాళ్ళ దగ్గర ఉంటుంది; మధ్య ముక్క 23.6. గణితంలో స్వర్ణ నిష్పత్తి అనే సంబంధం ఇదే. మేస్త్రి పురికొస లెక్క 37.5, 25 వస్తుంది. 80 సెంటీమీటర్ల బద్ద మీద ఆయన గీత 30 దగ్గర పడితే అసలు పడవలసింది 30.6 దగ్గర. కట్టిన ముడి లావు అంతకంటే ఎక్కువే ఉంటుంది. కొస దగ్గర కోణం 36 డిగ్రీలు. పదో తరగతి పిల్లవాడికి పుస్తకంలో బరువుగా కనిపించే పాఠం ఇక్కడ మూడు మడతలతో అయిపోయింది. జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల కాగితపు నక్షత్రం పుట్టింది కూడా 19వ శతాబ్దపు తొలి భాగంలో, నీస్కీలోని బడిలో రేఖాగణితం నేర్పే సాధనంగానే. హెర్న్‌హూట్ ఊళ్ళో దాన్ని ఇప్పటికీ చేసి అమ్ముతున్నారు. ఫిలిప్పీన్స్‌లో పరోల్ అనే దీపం దీనికి మరీ దగ్గర చుట్టం. అదీ వెదురుబద్దల ఐదు కోణాలే, మీద పల్చని కాగితమే.

రెండు చట్రాలూ తయారయ్యాక ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసల దగ్గర మాత్రం కలిపి కడతారు. లోపలి ఐదు కూడళ్ళలో బెత్తెడుకు కాస్త మించిన పుల్లలు నిలబెడితే రెండు చట్రాల మధ్యా ఎడం వచ్చి స్టారు పొట్ట ఉబ్బుతుంది. బల్బుకు చోటు అక్కడే. ఈ పుల్లలు నిలబెట్టే పని పెద్దాయన తానే చెయ్యకుండా పదేళ్ళ మనవరాలికి ఇచ్చారు. ఒకటి పెడితే ఒకటి జారింది. “అట్టా కాదమ్మా, ముందు ఎదురెదురుయి బిగించు, అయ్యే నిలబడతయి” అన్నారు గాని చెయ్యి చాపలేదు. చివరికి అవి నిలబడ్డాయి, కొంచెం వంకరగా. ఆ వంకర సరిచెయ్యలేదు.

పైన అంటించడానికి రంగు కాగితాలు కొనలేదు. ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖలు తీశారు. తెలుగు ఇళ్ళలో వీటికి కొదవ లేదు. మందమైన అట్ట, బంగారు రంగు పూత, పట్టు గుడ్డ అంటించిన కవర్లు. వాటిని పారెయ్యడానికి మనసొప్పదు, ఉంచితే చెదలు. కత్తిరించేటప్పుడు ఒక పట్టింపు ఉంది. బైబిలు వాక్యం అచ్చయిన ముక్క మీద కత్తెర పడనివ్వరు. హిందూ బంధుమిత్రుల శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ ఉంటే దాన్నీ జాగ్రత్తగా తీసి పక్కన పెడతారు. మిగిలిన అట్టను త్రికోణాలుగా కోస్తారు. అట్ట మందం కాబట్టి వెలుగు బయటికి రాదు. అందుకని దబ్బనంతో చిల్లులు పొడిచి, వెనక పాత చీరల డబ్బాల్లో వచ్చిన పల్చని రంగు కాగితం అంటించారు. తోలుబొమ్మలకు నగలు, చీరంచులు వెలుగులో మెరిసేలా చిల్లులు పెట్టే పద్ధతి ఇదే. దబ్బనం పెద్దపిల్లల చేతికే ఇచ్చారు. చిన్నవాళ్ళు బొగ్గుతో చుక్కలు పెట్టి చిల్లి ఎక్కడ పడాలో చెప్పారు.

జిగురు ఇంట్లో కాచిన మైదా లై. పురుగు పట్టకుండా దీన్లో మైలుతుత్తం కలపడం పుస్తకాలు కుట్టేవాళ్ళకూ పోస్టర్లు అంటించేవాళ్ళకూ అలవాటు. అది విషం. పిల్లలు చేతులు ముంచే గిన్నెలో కలపకూడదు. నాలుగు వారాల పండుగకు పురుగు భయమే అవసరం లేదు. అసలు శత్రువు రాత్రి కురిసే మంచు. డిసెంబరు తెల్లవారుజామున కాగితం తడిసి, పగలు ఎండి, మళ్ళీ తడిసి జారిపోతుంది. ప్లాస్టిక్ స్టారు కాగితాన్ని గెలిచింది ఇక్కడే. దీనికి పాత విరుగుడు ఉంది. బయట కట్టే స్టారుకు కాగితం బదులు అరిగిపోయిన పంచె ముక్కను గంజిలో ముంచి చట్రం మీద బిగువుగా లాగి అంటించాలి. మంచుకు మెత్తబడుతుంది గాని చిరగదు, ఎండకు మళ్ళీ బిగుస్తుంది. బల్బు విషయంలో కాలం మేలే చేసింది. వేడెక్కే పాత 40 వాట్ల బల్బు కాగితానికి ప్రమాదం. ఎల్ఈడీ బల్బుకు ఆ వేడి లేదు. వైరు అతుకులు మాత్రం పెద్దవాళ్ళే చూడాలి. కాగితపు స్టారులో కొవ్వొత్తి పెట్టే మాట తలపెట్టకూడదు.

వసారాలో స్టారు పని సగంలో ఉండగా పక్కింటి ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది. కొడుకు చదివే ప్రైవేటు బడిలో పారేసే వస్తువులతో క్రిస్మస్ బొమ్మ చేసుకు రమ్మన్నారట. “పారేసేయి అంటే ఇంట్లో ఉండేయే గదా తాతా. తీరా చూస్తే రెండు వందలు అయినయ్. థర్మాకోలంట, మెరుపు పొడంట, ఐస్‌క్రీము పుల్లలంట. పుల్లలు కూడా కొత్తయి, కట్ట కట్టి అమ్ముతున్నారు. రాత్రి పదకొండింటిదాకా నేనూ వాళ్ళ నాన్నా కూర్చుని అంటిచ్చాం. వాడు నిద్రపొయ్యాడు” అంది. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

నవ్వి ఊరుకోదగిన సంగతి కాదు. చెత్తతో కళ అనే పేరు మీద కొత్త చెత్త కొనిపించే ఈ పోటీలు ఒక్క బడికి పరిమితం కావు. తల్లిదండ్రులు చేసిన బొమ్మకు పిల్లవాడి పేరు రాసి మార్కులు వేయడం అందరికీ తెలిసిన గుట్టు. పైగా అలంకరణకు వాడే థర్మాకోలు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో అదీ ఉంది. మెరుపు పొడి నిజానికి ప్లాస్టిక్ తునకలు; చేతులు కడిగితే కాలవలోకి పోతుంది, తిరిగి ఏరడం ఎవరి తరమూ కాదు. యూరోపియన్ యూనియన్ అలాంటి ప్లాస్టిక్ మెరుపు పొడిని విడిగా అమ్మకుండా 2023 అక్టోబరు 17 నుంచి కట్టడి చేసింది. మన ఫ్యాన్సీ షాపుల్లో చిన్న సీసాల్లో దొరుకుతూనే ఉంది.

పారేసిన వస్తువుకు విలువ తెచ్చే పనిలో ఈ ప్రాంతం ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోనక్కర లేదు. కొలకలూరుకు ఒక్క స్టేషను అవతల తెనాలిలో సూర్య శిల్పశాల నడుపుతున్న కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత బోల్టులు, నట్లు, గొలుసులు, వాహనాల విడిభాగాలు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో దాదాపు రెండు టన్నుల తుక్కు ఇనుముతో వాళ్ళు చేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం పత్రికల్లో అందరూ చూసినదే. అక్కడ వస్తువు నిజంగా తుక్కే, చెయ్యి నిజంగా శిల్పిదే. పిల్లల విషయంలోనూ ఈ రెండు షరతులు చాలు.

మిగతా అలంకరణలకు స్టారంత శ్రమ లేదు. ఏడాది చివర కాబట్టి పాత క్యాలెండరు కాగితాలు చేతికందుతాయి. వాటిని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి వలయాల్లో వలయం దూర్చి అంటిస్తే గొలుసు. ఐదేళ్ళ పిల్లలు కూడా ఇది చేస్తారు. వాగ్దాన వాక్యాల క్యాలెండర్లను మాత్రం చాలామంది కొయ్యరు, అట్ట కట్టి గోడకే ఉంచుతారు. దర్జీ కొట్టు గుడ్డ పీలికలు పురికొసకు వరసగా ముడివేస్తే తోరణం. మట్టి గాజులకు అవే పీలికలు చుట్టి సరుగుడు కొమ్మకు తగిలించవచ్చు. పగిలిన గాజు ముక్కలు పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్లలో ఎక్కువ భాగం పొరలు పొరలుగా అతికిన ప్లాస్టిక్, పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. వాటిని కడిగి, వెండి రంగు లోపలి వైపు బయటికి తిప్పి, అంచులు కుచ్చులుగా కత్తిరిస్తే చెట్టుకు కావలసినంత మెరుపు వస్తుంది. మెరుపు పొడి అక్కరలేదు. మాత్రల షీట్ల అంచులు కోసుకుంటాయి కాబట్టి అవి వద్దు.

పశువుల పాకకు చెప్పుల పెట్టె, గడ్డి, కాలవగట్టు మట్టి చాలు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పునీత ఫ్రాన్సిస్ తొట్టినీ, నిజమైన ఎద్దునూ గాడిదనూ పెట్టి యేసు జనన దృశ్యం చూపించినప్పటి నుంచి ఈ ఆనవాయితీ వ్యాపించింది. కొలకలూరు వసారాలో పిల్లలు చేసిన పాకలో గాడిద లేదు, గేదె ఉంది. వాళ్ళు చూసిన పశువు అదే. జ్ఞానుల్లో ఒకాయన తలపాగా చుట్టి భుజాన తువ్వాలు వేసుకున్నాడు. దీన్ని దిద్దబోయిన ఒక పెద్దావిడను పిల్లలే వారించారు. కొన్న ప్లాస్టర్ బొమ్మల్లో ఇంత స్వేచ్ఛ ఉండదు.

పండుగ, కొత్త సంవత్సరం అయ్యాక కాగితం, గడ్డి ఎరువు గుంటలోకి పోతాయి. ప్యాకెట్ల కుచ్చులు విప్పి మరుసటి ఏటికి దాచాలి. నీళ్ళ పొయ్యిలో వెయ్యకూడదు, ఆ పొగ మంచిది కాదు. వెదురు చట్రం అటకెక్కుతుంది; చెద పట్టకుండా చూసుకుంటే చాలా ఏళ్ళు పనికొస్తుంది, ఏటా మార్చవలసింది పై కాగితమే. బడుల్లో ఈ పోటీలు పెట్టే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: ఆ పనిని ఇళ్ళకు పంపకండి. ఇంటి నుంచి తెచ్చిన పాత వస్తువులతో, ఒక మధ్యాహ్నం, తరగతి గదిలోనే, పిల్లల చేతులతోనే చేయించండి. షాపు బిల్లుతో వచ్చినదానికి మార్కులు వేయకండి.