నాన్న ఫోన్‌కి కొత్త రోమ్ వేయాలా?

కస్టమ్ రోమ్‌ల గురించి మా క్లాసులో మాట్లాడుకునేటప్పుడు "ఏ రోమ్ బాగుంటుంది?" అనే అడుగుతారు. అసలు వేయాలా వద్దా అని ఎవరూ అడగరు. సొంత ఫోనైతే అడగాల్సిన పని కూడా లేదు, ఏదైనా తేడా వస్తే ఒక రాత్రి కూర్చుని మళ్లీ ఫ్లాష్ చేసుకుంటాం. దసరా సెలవులకి సంజామల వెళ్లినప్పుడు మాత్రం ఫోన్ నాది కాదు, నాన్నది. (రామ్ అని రాస్తే దేవుడో, ర్యామో తెలీదని రోమ్ అంటున్నాను. ఇటలీతో సంబంధం లేదు.)

2019లో కొన్న ఫోన్ అది. ఆండ్రాయిడ్ 9తో వచ్చింది, 10 దాకా వెళ్లింది, అక్కడే ఆగింది. సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూస్తే, అప్పటికి నేనింకా స్కూల్లో ఉన్నాను. ఫోన్ మాత్రం గట్టిది. ఓ మూల గీత తప్ప దెబ్బ లేదు, బ్యాటరీ ఒకసారి మార్పించాం, అంతే. ఆ మోడల్‌కి లీనియేజ్ ఓఎస్ దొరుకుతుంది. కొత్త ఆండ్రాయిడ్, తాజా ప్యాచ్‌లు, పైసా ఖర్చు లేదు. కొత్త ఫోన్ కొనాలంటే పన్నెండు, పదమూడు వేలు. పప్పుశనగ విత్తే ముందు మా ఇంట్లో ఎత్తాల్సిన మాట కాదు అది.

నాన్నకి చెప్తే ఒకటే అన్నాడు: "బాగనే పనిచేస్తాంది గదమ్మా, దాన్ని కెలికేది ఏంటికి?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది, అది కూడా తెలుగు జవాబు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మన అక్షరం ఒక్కదానికి కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కి "జ్ఞా" అని మెసేజ్ వస్తే, దాన్ని తెరమీద గీయడం చేతకాక యాప్ మూసుకుపోయేది, తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. లక్ష రూపాయల ఫోన్, ఒక్క సంయుక్తాక్షరం. అదే నెల 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మెసేజ్‌లో వచ్చిన అక్షరం కూడా ఫోన్‌ని పడగొట్టగలదు కాబట్టే అప్‌డేట్‌లు కావాలి. అవి ఆగిపోయిన ఫోన్‌లో అలాంటి కంతలు ఎన్ని దొరికినా పూడ్చేవాళ్లు ఉండరు. ఇదంతా నాన్నకి వివరంగా చెప్పాను.

"అంటే జ్ఞానం అని రాస్తే ఫోను సచ్చిపోతాదా?" అని నవ్వాడు. సరే, విషయం అర్థమైంది.

అయితే రోమ్ వేయాలంటే ముందు బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి. ఫోన్ ఆన్ చేయగానే మొదట లేచే చిన్న ప్రోగ్రామ్ అది. లోపలున్న సిస్టమ్ మీద కంపెనీ సంతకం ఉందా అని చూసి, ఉంటేనే ముందుకు పోనిస్తుంది. అన్‌లాక్ అంటే, ఆ సంతకం అడగొద్దు అని దానికి చెప్పడం. సెక్యూరిటీ కోసం రోమ్, రోమ్ కోసం ఒక సెక్యూరిటీ తీసేయడం. చాలా మోడల్స్‌లో లీనియేజ్ వేశాక మళ్లీ లాక్ చేయడం కుదరదు. ఆన్ చేసిన ప్రతిసారీ తెరమీద తెరిచిన తాళం బొమ్మ కనిపిస్తుంది. "తాళం తీసుండాదేమి పాపా" అని నాన్న ఫోన్ చేసి అడగడం నాకు ఇప్పుడే వినిపిస్తోంది.

అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కూడా. ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు, అది సమస్య కాదు.

సమస్య యూపీఐ. మా నాన్న ఫోన్‌లో ముఖ్యమైన పని అదే. కోవెలకుంట్లలో ఎరువుల షాపుకి అందులోనే, చేనులో కూలీలకు సాయంత్రం అందులోనే. డబ్బుల యాప్‌లు చాలావరకు గూగుల్ వాళ్ల ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీని వాడుకుంటాయి. బూట్‌లోడర్ తెరిచి ఉంటే ఆ తనిఖీలో ఫోన్ తప్పుతుంది, కొన్ని యాప్‌లు పనిచేయం అంటాయి. దాటేసే దారులు ఉన్నాయి, నాకు తెలుసు. మ్యాజిస్క్, దాని మీద ఒకట్రెండు మాడ్యూల్స్. ఇవాళ పనిచేస్తాయి. గూగుల్ తనిఖీ మార్చిన రోజు ఆగుతాయి, కొత్త మాడ్యూల్ వచ్చేదాకా ఆగే ఉంటాయి. హాస్టల్లో నాకది సరదా. శనివారం సాయంత్రం ఐదుగురు కూలీలు ఎదురుగా నిలబడి ఉండగా నాన్నకి అది సరదా కాదు.

రోమ్‌ల చరిత్ర చదివితే ఇంకో విషయం తెలిసింది. 2009లో స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ఎంత పెద్దదైందంటే, దాని చుట్టూ కంపెనీ పుట్టింది. 2014 డిసెంబరులో ఇండియాలో దాని హక్కులు మాకే అని మైక్రోమ్యాక్స్, వన్‌ప్లస్ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. అమ్మకాలు ఆపమని ఆర్డర్ వచ్చింది, కొద్దిరోజులకే ఎత్తేశారు. అంత గొడవ పడ్డ సాఫ్ట్‌వేర్ రెండేళ్లు తిరిగేసరికి, 2016 డిసెంబరు చివర, మూతపడింది. దాని కోడ్‌ని తీసుకుని వాలంటీర్లు నడుపుతున్నదే లీనియేజ్. ఒక్కో ఫోన్ మోడల్‌కి ఒకరో ఇద్దరో మెయింటెయినర్లు ఉంటారు, జీతం లేకుండా. వాళ్లు కొత్త ఫోన్ కొనుక్కుని పాతది వదిలేస్తే ఆ మోడల్ కథ కూడా అంతే. వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ అప్పుడు నాన్న ఫోన్‌కి కంపెనీ ఎవరు? నేనే. కస్టమర్ కేర్ నేనే, సర్వీస్ సెంటర్ నేనే. సెమిస్టర్ ఎగ్జామ్స్ మధ్యలో, సంజామల నుంచి వీడియో కాల్‌లో, ఫాస్ట్‌బూట్ మోడ్ అంటే ఏంటో నాన్నకి చెప్తూ.

పోనీ ఏ ప్రమాదం నుంచి కాపాడాలనుకుంటున్నాను? మా వైపు రైతులకి వాట్సాప్‌లో వచ్చేవి గొప్ప హ్యాకర్లు రాసినవి కావు. పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్, ట్రాఫిక్ చలాన్ పేరుతో ఇంకోటి. నొక్కి, ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ ఇస్తే ఓటీపీలు పోతాయి. ఏ ఆండ్రాయిడ్ ఉన్నా, మనిషే ఒప్పుకుంటే చాలావరకు పని అయిపోతుంది. నాన్న ఫోన్‌కి పిన్ కూడా లేదు. చేతికి మట్టి ఉంటే పిన్ నొక్కడం కష్టం అంటాడు. అదీ నిజమే. కాబట్టి మొదటి రోజు చేసింది రోమ్ పని కాదు. వాట్సాప్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ అయ్యే పర్మిషన్ తీసేశాను, చాలా బతిమాలి నాలుగంకెల పిన్ పెట్టించాను.

పాత ప్యాచ్ తేదీ మాత్రం నన్ను వదల్లేదు. అమ్మే దారి చూపించింది, అదీ కోపంగా: "అంత భయముంటే నీ ఫోనే మీ నాయనకియ్యి."

నా ఫోన్‌కి ఇంకో రెండేళ్లు అప్‌డేట్‌లు ఉన్నాయి. నా దగ్గర ల్యాప్‌టాప్ ఉంది. నాన్నకి ఫోన్ తప్ప ఏమీ లేదు. లెక్క వేస్తే రోమ్ భరించగలిగేది నేను, భరించలేనిది నాన్న. ఆయన రెండు రోజులు ఒప్పుకోలేదు, "నీ చదువు దాంట్లో ఉంటాది గదా" అన్నాడు. చదువు ల్యాప్‌టాప్‌లో ఉందని తెరిచి చూపించాక ఊరుకున్నాడు. సిమ్ మార్చి, యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేసి, కూలీల నంబర్లన్నీ ఎక్కించి ఇచ్చాను. కెమెరా బాగుంది కదా అని నాకు కొంచెం బాధ ఉంది, దాచను.

పాత ఫోన్ ఇప్పుడు నాతో హాస్టల్లో ఉంది. క్యాంటీన్‌లో నోట్లు ఇస్తున్నాను. చిల్లర లేనప్పుడు రూమ్మేట్ స్కాన్ చేస్తోంది, నెలాఖరుకి ఆమెకి లెక్క కడతాను. అన్‌లాక్ అడిగిన వెంటనే ఇవ్వరు, 168 గంటలు ఆగమంటారు. మనసు మార్చుకోవడానికి వారం అన్నమాట. ఇది రాస్తున్నప్పటికి ఇంకా 61 గంటలు మిగిలాయి. ఈలోగా టార్చి బటన్ ఎక్కడుందని నాన్న రెండుసార్లు ఫోన్ చేశాడు.