మైల ఏ రకం మార్పు?

ఈ భాగాన్ని సైన్స్ పాఠంతో మొదలుపెడుతున్నాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడికి సైన్స్ ఎందుకని అడగకండి. ఈ పాఠంతో నాకు పాత లెక్క ఒకటి ఉంది.

ఏడో తరగతి దాకా పల్నాడులో తాత దగ్గర చదివాను. మంచు కరిగితే నీళ్లవుతుంది, పదార్థం అదే, కాబట్టి భౌతిక మార్పు. కాగితం కాలితే బూడిదా పొగా మిగులుతాయి, కొత్త పదార్థాలు, కాబట్టి రసాయనిక మార్పు. ఈ పాఠం చెప్పిన బడిలోనే మా పేట పిల్లల్ని నీళ్ల కుండ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. మేం ముడితే ఆ నీళ్లలో ఏం మారుతుంది? రంగా, రుచా, మరిగే ఉష్ణోగ్రతా? మైల ఏ రకం మార్పో మా పాఠ్యపుస్తకంలో లేదు.

మహద్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది నడిచి వెళ్లి చవుదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత అక్కడి సవర్ణులు చెరువును 'శుద్ధి' చేశారు. 108 కుండల నీళ్లు తోడి, అందులో ఆవు పేడ, పంచితం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదివి మళ్లీ చెరువులో పోశారు. మనుషులు తాగినప్పుడు మారని నీళ్లు, శుద్ధి చేశాక నిజంగానే మారాయన్నమాట!

అసలు పదార్థాన్ని మార్చడం తెలిసినవాళ్లెవరు? మా తాతకి తెలుసు. పచ్చి తోలు వదిలేస్తే ఒకట్రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. ఉప్పు పట్టించి ఎండబెడితే కుళ్లు ఆగుతుంది గానీ, ఉప్పు కడిగేసి నానబెడితే మళ్లీ పచ్చి తోలే. సున్నపు నీళ్లలో వేస్తే వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి. గీకేశాక లందలో, తంగేడు చెక్క నానిన నీళ్లలో ఊరాలి. ఆ చెక్కలోని టానిన్ తోలులోని కొల్లాజెన్‌ని పట్టుకుని గట్టిగా కట్టేస్తుంది. ఇక అది తడిసినా పచ్చి తోలు కాదు. తాత బడి మెట్లెక్కలేదు. తోలు అంచు కాస్త కోసి లోపల చూసేవాడు. రంగు మధ్య దాకా దిగకపోతే మళ్లీ లందలోకే. ఇదే పని కాలేజీ ల్యాబులో చేస్తే రికార్డులో రాయించి మార్కులు వేస్తారు.

మోటార్లు రాకముందు బావుల్లోంచి పొలాలకు నీళ్లు తోడిన కపిల బాన తోలుదే. ఆ బానలో పైకొచ్చిన నీళ్లతో పండిన తిండి ఊరంతా తింది. దానికి లేని మైల మా దోసిలికి ఉంది.

నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఖలాసీ ఉద్యోగం రావడంతో విశాఖ వచ్చాం. ఇక్కడ పోర్టులో ఓడలకెక్కే బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఎన్నిసార్లు పొడి చేసి, కుప్ప పోసి, కన్వేయర్ మీద నడిపించినా అది ఖనిజమే. ఫర్నేస్‌లోకి వెళ్తేనే మార్పు. స్వచ్ఛమైన హెమటైట్‌లో బరువు ప్రకారం నూటికి 70 పాళ్లు ఇనుము, 30 పాళ్లు ఆక్సిజన్. కోక్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ని లాగేస్తుంది. సున్నపురాయి మలినాలను పట్టుకుని స్లాగ్‌గా పైకి తేలుస్తుంది. (తాతకీ నాన్నకీ సున్నంతోనే పని పడింది చూడండి.) రసాయనిక మార్పు వెనక్కి తిరగదని పిల్లలతో బట్టీ పట్టిస్తారు గానీ, అది సగం నిజం. ఈ ఊళ్లో సముద్రపు గాలికి గేట్లూ గ్రిల్సూ ఎంత త్వరగా తుప్పుపడతాయో అందరికీ తెలుసు. తుప్పంటే ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలవడమే. ఫర్నేస్ చేసేది దానికి సరిగ్గా ఎదురు పని.

నిప్పు దగ్గర, దుమ్ములో, సున్నంలో పని తాతదీ అదే, నాన్నదీ అదే. తాతకి మిగిలింది అంటు. నాన్నకి గుర్తింపు కార్డు, జీతం, క్వార్టరు, పీఎఫ్ వచ్చాయి. తేడా తెచ్చింది రోస్టర్‌లోని ఎస్సీ పాయింటు. అది ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టే ఆ పాయింటు ఉంది. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి సభల్లో చెప్తాం. ఈ రోస్టర్ గురించి మాత్రం మన వేదికల మీద కూడా ఎవరూ గట్టిగా మాట్లాడరు. 2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. టీవీ చర్చల్లో నష్టాల లెక్కలు, భూముల విలువ లెక్కలు వింటూనే ఉన్నాం. ప్రైవేటు యజమాని ఎస్సీ, ఎస్టీలకు ఉద్యోగాలివ్వాలని చెప్పే కేంద్ర చట్టం ఏదీ లేదన్న మాట ఆ చర్చల్లో ఎన్నిసార్లు విన్నారు?

నా పాత విద్యార్థి ఒకడు ఈ ఊళ్లోనే వేరే ప్రైవేటు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. "పనిలో చేరేటప్పుడు కులం సర్టిఫికెట్ అవసరం లేదన్నారు సార్. గది అద్దెకి అడిగితే మాత్రం, మీరేమిట్లు అని అడుగుతున్నారు" అన్నాడు. ఇంకా గది దొరకలేదు. ఆటోనగర్, గాజువాక వైపు ఎవరికైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.