చలాన్ రాయండి, చాబీ ముట్టకండి

ఇంటి దగ్గర బండి నా పేరు మీద ఉంది. నడిపేది మా బాపు. అందుకే ఆర్మూర్‌లో ఆయనకు పడే చలాన్ల మెసేజీ షార్జాలో ఉన్న నా ఫోన్‌కు వస్తుంది. లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంటుంది. మొన్నటి ఫొటోలో మామిడిపల్లి చౌరస్తా, వెనుక పసుపు బస్తాల లారీ, ముందు మా బాపు. తలకు రుమాలు చుట్టుకున్నాడు. నేను కొనిచ్చిన హెల్మెట్ అద్దానికి వేలాడుతోంది. ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. "ఎండకు తలకాయ ఉడుకుతదిరా" అన్నాడు. "ఉడికితే నీళ్లు పోసుకోవచ్చు బాపూ, పగిలితే ఏం చేస్తం?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

ఆ చలాన్ వెంటనే కట్టేశాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫొటో ఉంది, తేదీ, సమయం, చోటు ఉన్నాయి, తప్పేమిటో రాసి ఉంది. కట్టిన డబ్బుకు రసీదు వచ్చింది. మా బాపును ఎవరూ ఒక్క మాట అనలేదు. నా బాధంతా మనిషిని రోడ్డు మీద నిలబెట్టి చేసే తనిఖీ గురించి.

సెలవు మీద ఊరికి వెళ్లిన మా బావకు జరిగింది చెబుతాను. అది ఏ ఊరో, ఏ స్టేషనో చెప్పను. ఒక్క చోట జరిగే పని అయితే దాని గురించి రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. బావ దుబాయిలో ట్రైలర్ నడుపుతాడు. నలభై టన్నుల బరువును ఎమిరేట్స్ రోడ్డు మీద ఏళ్ల తరబడి నడిపిన మనిషి. ఆ రోజు పెళ్లికి పోతూ హెల్మెట్ పెట్టుకోలేదు. అది తప్పే, తనే ఒప్పుకున్నాడు. మలుపు తిరగగానే ఒకాయన అడ్డం వచ్చి, బండి పూర్తిగా ఆగక ముందే చెయ్యి చాపి చాబీ గుంజుకున్నాడు. ఎందుకు ఆపారో చెప్పలేదు, లైసెన్స్ అడగలేదు. చాబీ జేబులో వేసుకొని జీపు వైపు నడిచిపోయాడు. బండి వెనక మా అక్క, ఆమె ఒళ్లో చిన్నది. బండి ఒరిగితే బావ కాలు ఆనించి ఆపాడు. ఆ తర్వాత గంటసేపు "సారూ... సారూ..." అంటూ జీపు చుట్టూ తిరిగాడు. చివరికి చేతిలో పెట్టింది ఎంతో చెప్పలేదు కానీ, దానికి కాగితం మాత్రం రాలేదన్నాడు.

డబ్బు పోయినందుకు బావ పెద్దగా బాధపడలేదు. "పిల్ల ముంగట అరే తురే అన్నడు" అన్న మాట దగ్గర మాత్రం గొంతు మారింది.

ఆర్మూర్ ఉన్న తీరు వల్ల మా వైపు తనిఖీలు ఎక్కువే. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44వ జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు సాగే 63వ జాతీయ రహదారి ఇక్కడే కలుస్తాయి. సంక్రాంతి దాటిందంటే పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు, కళ్లాల్లో ఎండబెట్టడాలు. తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంట కొమ్ము, మండ వేరై బస్తాలకెక్కి నిజామాబాద్ యార్డుకు బయలుదేరుతుంది. బస్తాలు బండ్లలో ముందు పోతే రైతు వెనక బైకు మీద పోతాడు. ధర పలికితే మొహంలో వెలుగు, పలకకపోతే పట్టీ మడిచి జేబులో పెట్టుకొని మౌనంగా తిరుగు ప్రయాణం. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లూ, పెళ్లిళ్లూ చాలామటుకు ఈ నెలల్లోనే. అంకాపూర్, పెర్కిట్, వేల్పూర్, నందిపేట దారుల్లో బైకు లేకుండా ఎవరికీ పని జరగదు. బర్రె పాల నుంచి బిడ్డ పరీక్ష దాకా అన్నిటికీ అదే బండి. అలాంటి బండి చాబీ ఇంకొకరి జేబులోకి పోతే ఆ పూట ఆ ఇంటి పనులన్నీ ఆగిపోతాయి.

పోలీసు ఆపితే ఆగాల్సిందే. మోటారు వాహనాల చట్టం 1988లోని 132వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్, ఆర్సీ చూపించాలని 130వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో మన వాళ్లకు తెలియని ఇంకో మాట కూడా ఉంది: మామూలు సొంత బండి నడిపేవాడి దగ్గర ఆ క్షణాన కాగితాలు లేకపోతే, నిర్ణీత గడువులో తెచ్చి చూపినా సరిపోతుంది. పైగా 2018 నవంబరులో కేంద్ర నిబంధనలు మార్చి, ఫోన్‌లో ఉన్న డిజిలాకర్, ఎంపరివాహన్ పత్రాలను అసలు కాగితాలతో సమానం చేశారు. అంతకు రెండేళ్ల ముందే, 2016లో, తెలంగాణ రవాణా శాఖ ఆర్‌టీఏ ఎం-వాలెట్ తెచ్చింది. అయినా ఇప్పటికీ "ఫోన్ కాదు, ఒరిజినల్ తే" అనే మాట రోడ్డు మీద వినిపిస్తూనే ఉంది.

చాబీ గుంజుకునే అధికారం ఆ చట్టంలో ఏ సెక్షనూ ఇవ్వలేదు. బండిని స్వాధీనం చేసుకునే సందర్భాలను 207వ సెక్షన్ విడిగా చెబుతుంది: లైసెన్స్ లేకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ కావాల్సిన బండికి పర్మిట్ లేకపోవడం వంటివి. హెల్మెట్ లేకపోవడం ఆ వరుసలో లేదు. దానికి చలాన్ ఉంది. లైసెన్స్ కార్డు స్వాధీనం చేసుకుంటే దానికి రాతపూర్వకంగా రసీదు ఇవ్వాలని 206వ సెక్షన్ చెబుతుంది. చలాన్ తప్పనిపిస్తే అక్కడికక్కడ కట్టకుండా కోర్టులో వాదించుకోవచ్చు. స్పాట్‌లో కట్టడమంటే మనం ఒప్పుకొని రాజీకి రావడమే.

మా వైపు ఇంకో ప్రశ్న తరచూ ఎదురవుతుంది: "బండి ఎవని పేరు మీదుంది? దుబాయిల ఉన్నోని బండి నువ్వెట్ల నడుపుతున్నవ్?" గల్ఫ్ డబ్బుతో కొన్న బండ్లు సగం ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీదే ఉంటాయి. ఏపీ 25 పాత నంబరైనా, టీఎస్ 16 అయినా, 2024 నుంచి వచ్చిన టీజీ 16 అయినా, నడిపేవాడు యజమానే కావాలని చట్టం ఎక్కడా అనలేదు. నడిపేవాడికి లైసెన్స్, బండికి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు. ఈ ఒక్క ముక్క తెలియక మా ఊరి ముసలివాళ్లు ఎంతమంది రోడ్డు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డారో!

ఇన్సూరెన్స్ సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. కొత్త బైకుకు 2018 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టిస్తున్నారు. ఆ ఐదేళ్లు అయిపోయాక గుర్తుపెట్టుకొని రెన్యువల్ చేయించే దిక్కు ఊళ్లో ఉండదు. ప్రీమియం వెయ్యికి అటూ ఇటూ. అది లేకుండా ఎవరికైనా తగిలితే రెండెకరాల పసుపు చేను అమ్మినా తీరని నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. విదేశాల్లో ఉన్న కొడుకులు నెల నెలా డబ్బు పంపేటప్పుడు ఈ తేదీ కూడా ఒకసారి చూడాలి.

పోలీసులు చాబీ ఎందుకు గుంజుతారో నాకు తెలుసు. ఆపమంటే కుర్రాళ్లు గేరు మార్చి ఎగిరిపోతారు. వెంటపడితే ప్రమాదం, వదిలేస్తే పైఅధికారి అడుగుతాడు. ఎండలో, దుమ్ములో, లారీల పొగలో ఎనిమిది గంటలు నిలబడటం ఎంత కష్టమో పెర్కిట్ దగ్గర ఒక్క పూట నిలబడి చూస్తే తెలుస్తుంది. కానీ పారిపోయినవాడి నంబరు ప్లేటు కెమెరాకు చిక్కుతుంది, చలాన్ ఇంటికి వస్తుంది. మా బాపు ఫొటో సముద్రం దాటి నాకు చేరింది కదా! కదిలే బండి మీద చెయ్యి వేయాల్సిన పని ఇంకా ఎక్కడుంది?

2018 మార్చిలో తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర తిరువెరుంబూరులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెల్మెట్ లేకుండా పోతున్న భార్యాభర్తల బండిని ఒక ఇన్‌స్పెక్టర్ వెంబడించి కాలితో తన్నాడు. వెనక కూర్చున్న భార్య కిందపడి చనిపోయింది. ఇన్‌స్పెక్టర్ అరెస్టయ్యాడు. తలకు దెబ్బ తగలకుండా కాపాడటానికే హెల్మెట్ తనిఖీ. దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50 వేల పైచిలుకు. అందులో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. ఆ లెక్క చదివిన ఎవరూ తనిఖీలు వద్దనరు, నేనూ అనను. ప్రాణం కాపాడాల్సిన తనిఖీలోనే ప్రాణం పోయిందంటే మాత్రం మనసు ఒప్పుకోదు.

మా జిల్లాలోనే దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ గట్టిగా ఉన్న రోజుల్లో, బోధన్‌కు చెందిన ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయిన కొడుకు కోసం స్కూటీ మీద ఒంటరిగా బయలుదేరారు. రానూ పోనూ దాదాపు 1,400 కిలోమీటర్లు. రొట్టెలు కట్టుకొని, రాత్రుళ్లు కూడా బండి నడుపుతూ వెళ్లి కొడుకును వెంటబెట్టుకొని తిరిగొచ్చారు. ఆమెను అడుగడుగునా చెక్‌పోస్టులు దాటించింది బోధన్ ఏసీపీ రాసిచ్చిన ఒక లేఖ. దేశమంతా ఆ తల్లి ధైర్యాన్ని మెచ్చుకుంది. ఆ లేఖ రాసిన పోలీసునూ, దాన్ని చదివి దారి వదిలిన రెండు రాష్ట్రాల పోలీసులనూ నేను మర్చిపోలేదు. దారిలో ఆపిన ప్రతి ఒక్కరూ ఆమె చెప్పింది విన్నారు, కాగితం చూశారు, పంపించారు. రోడ్డు మీద తనిఖీ అంటే అంతే కదా కావాల్సింది.

ఇక్కడ షార్జాలో మా సంస్థలో డెలివరీ బైకులు నడిపే కుర్రాళ్లలో నిజామాబాద్, జగిత్యాల వాళ్లు చాలామంది. యూఏఈలో హెల్మెట్ లేకుండా నడిపితే 500 దిర్హాములు, 4 బ్లాక్ పాయింట్లు. ఏడాదిలో పాయింట్లు 24కు చేరితే లైసెన్స్ పక్కన పెట్టాల్సిందే. ఈ అంకెలు ప్రతి కుర్రాడికీ నోటికి వచ్చు. వాళ్లంతా భయంతోనే నడుచుకుంటారని నేను దాచను. వీసా పోతుందన్న భయం పరాయి దేశంలో ఎప్పుడూ ఉంటుంది, అలాంటి భయం మా ఊళ్లో ఎవరికీ ఉండకూడదు. అయినా ఒక్కటి గమనించాను: పోలీసు ఆపితే మా కుర్రాళ్లు నిటారుగా నిలబడి మాట్లాడతారు. ఏది తప్పో, దానికి ఎంతో ముందే తెలుసు. బేరం ఉండదు, బతిమాలడం ఉండదు. అదే కుర్రాడు సెలవు మీద ఆర్మూర్ వెళ్లగానే చౌరస్తాలో ఖాకీ బట్ట కనబడితే సందులోకి తిప్పుకుంటాడు. ఊళ్లో ఏ తప్పుకు ఏం జరుగుతుందో వాడికి ఎవరూ చెప్పలేదు.

జరిమానాల వసూలులో కూడా తేడా ఉంది. అబుదాబిలో 60 రోజుల్లోపు కట్టినవాడికి 35 శాతం తగ్గింపు. తొందరగా కట్టినవాడికే లాభం. మన దగ్గర 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో మళ్లీ 80 శాతం తగ్గించారు. ఎగబెట్టినవాడు నాలుగో వంతు, ఐదో వంతు కట్టి బయటపడ్డాడు. పడిన రోజే కట్టిన రైతు మొత్తం కట్టాడు. ఆ రైతుకు జరిగిన అన్యాయాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా? మళ్లీ మాఫీ వస్తుందని జనం చలాన్లు పేర్చుకుంటూ పోతారు, పోలీసులు ఆ పాత బాకీ కోసం రోడ్డు మీద పట్టుకుంటారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

మందు తాగి బండి నడపడం గురించి నాకు ఏ సానుభూతీ లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్ కింద కోర్టుకు పోవాల్సిందే, మొదటిసారికే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పోవాలి కూడా. అక్కడ కూడా హైకోర్టు ఒక పద్ధతి చెప్పింది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తాగినవాడి వెంట తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్లకు కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌లో పెట్టాలి, తర్వాత పత్రాలు చూసి తిరిగి ఇచ్చేయాలి. తప్పు చేసినవాడికి శిక్ష పడాలి, బండి కోసం ఎదురుచూసే ఇంటికి పడకూడదు.

గల్ఫ్ వాళ్లకు మరో చిక్కు లైసెన్స్ గడువు. రెండేళ్ల కాంట్రాక్టులో ఉండగా ఇండియా లైసెన్స్ అయిపోతుంది. అయిపోయాక ఏడాదిలోపు రెన్యువల్ చేయించుకుంటే పరీక్ష అవసరం లేదు, ఏడాది దాటితే మళ్లీ ట్రాక్ మీద నడిపి చూపించాలి. నెలరోజుల సెలవులో వచ్చినవాడు స్లాట్ దొరికేలోపే విమానం ఎక్కుతాడు. ఈలోగా అన్న బండి మీద తిరిగితే గడువు ముగిసిన లైసెన్స్‌తో దొరుకుతాడు. అప్పుడు 207వ సెక్షన్ కింద బండిని పట్టుకునే హక్కు పోలీసులకు నిజంగానే ఉంటుంది. దుబాయి లైసెన్స్ జేబులో ఉన్నా మన రోడ్డు మీద అదొక్కటే చెల్లదు.

అందుకే మా జిల్లా రవాణా అధికారులను, పోలీసు కమిషనర్‌ను నేను అడిగేవి ఇవి. పసుపు సీజన్ నెలల్లో ఆర్మూర్‌లో సెలవు మీద వచ్చినవాళ్ల కోసం లైసెన్స్ రెన్యువల్ శిబిరం పెట్టండి, టికెట్ మీద తిరుగు ప్రయాణం తేదీ చూసి స్లాట్ ఇవ్వండి. నిజామాబాద్ యార్డు గేటు దగ్గర, పెర్కిట్ దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు రాయించండి: ఏ తప్పుకు ఎంత చలాన్, ఏ కాగితం చూపాలి, రసీదు ఎలా అడగాలి. బండి ఆపినవారు ముందు ఎందుకు ఆపారో చెప్పాలనీ, చాబీ మీద చెయ్యి వేయకూడదనీ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి, ఆ ఆదేశాన్ని పత్రికల్లో వేయించండి. మా బాపుకు చలాన్ పంపండి, నేను కడతాను. ఆయనను ఆపినప్పుడు మాత్రం "మీరు" అనండి.