చక్కెర పాకలో మూడో ప్రశ్న

మార్చి నెలాఖరున మా అబ్బాయిని చూడటానికి మేమిద్దరం మాంట్రియల్ వెళ్లాం. ఆదివారం నాడు నగరానికి గంట దూరంలో, మేపుల్ చెట్ల అడవిలో ఉన్న ‘కబాన్ ఆ సుక్ర్’కు తీసుకెళ్లాడు. చక్కెర పాక అన్నమాట. మోకాలి లోతు మంచు. చెట్టుకు చిన్న రంధ్రం చేసి, గొట్టం బిగించి, కింద బాల్చీ వేలాడదీశారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉంటేనే రసం కారుతుంది. నాలుక మీద వేసుకుని చూశాం. మన తాటి నీరా ముందు ఇది ఉత్త నీళ్లే! అందుకే సుమారు 40 లీటర్లు మరిగిస్తేగాని లీటరు సిరప్ రాదు. కట్టెల మంట మీద వెడల్పాటి పెనాల్లో కాగుతుంటే మాకు తాటిబెల్లం వండే చోటు గుర్తొచ్చింది. గోడల నిండా ఫ్రెంచి వలసదారుల పాత ఫొటోలు. వాళ్లకంటే ముందే ఈ పని తెలిసిన ఆదివాసుల బొమ్మ ఒక్కటీ కనబడలేదు.

భోజనం పొడవాటి బల్లల దగ్గర. ముక్కూమొహం తెలియనివాళ్లంతా పక్కపక్కనే. బఠాణీ సూపు, బీన్స్, ఆమ్లెట్, వేయించిన పంది చర్మం, అన్నిటి మీదా సిరప్. గిన్నెలు ఒకరి చేతినుంచి ఒకరి చేతికి. చిన్నప్పుడు ఊరి పెళ్లిళ్లలో అందరూ తిని లేచాక పందిరి బయట విస్తరి వేయించుకున్నవాళ్లం మేము. పంది తింటారని బడిలో వెక్కిరింతలు పడ్డవాళ్లం. ఆ రోజు కాస్త ఎక్కువే తిన్నాం.

ఎదురుగా ఒక తెలుగు కుటుంబం. ఆయనది మావాడి ఆఫీసేనట. సంతోషంగా పలకరించారు. ఏ జిల్లా అన్నారు, చెప్పాం. ఏ ఊరు అన్నారు, చెప్పాం. మూడోది తెలిసిందే.

“ఇంటిపేరేంటండీ?”

మావాడి పేరు చివర గౌతమ్ అని ఉంటుంది. ఆయనకు అంతుపట్టనిది అదే.

“బౌద్ధులమండీ.”

“అది సరే, అంతకుముందు?”

“అంతకుముందు మమ్మల్ని అంటరానివాళ్లుగా ఉంచారండీ.”

ఆయన నవ్వి, సిరప్ సీసా అందుకున్నారు. మళ్లీ మాట్లాడలేదు.

కులం మనవాళ్లతోపాటు దేశాలు దాటే ప్రమాదాన్ని బాబాసాహెబ్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో ప్రస్తావించారు. 2023లో టొరంటో పాఠశాలల బోర్డు కుల వివక్షను ఎదుర్కోవడానికి మానవ హక్కుల కమిషన్ సాయం కోరుతూ తీర్మానం చేసింది. న్యాయశాస్త్రం చదివినందుకు ఇవన్నీ నోటికొచ్చు. కానీ ఇంటిపేరు అడగడం ఏ చట్టం కిందా నేరం కాదు.

బయట మంచు మీద వేడి పాకం పోసి, పుల్లలకు చుట్టి ఇస్తున్నారు. మావాడు తీసుకోలేదు. కారెక్కాక అన్నాడు:

“మూడేళ్లుగా ఆ ప్రశ్న తప్పించుకుంటున్నాను నాన్నా.”

నగరం వచ్చేదాకా ఎవరం నోరు విప్పలేదు.